ఇసుకలో అడ్డగీత

ఎగోన్స్ బేర్తులిస్ నా ఎదురుగా కూర్చుని టోపీని రెండు చేతులా నలుపుతున్నాడు. అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెబుతున్నాడు. అదే నాకు నచ్చలేదు. మా లియెపాయ రేవులో చేపలు పట్టేవాడెవడూ పోలీసులకి అంత తిన్నగా జవాబు చెప్పడు.

"ఆన్సిస్‌కీ మీకూ గొడవ ఎప్పుడు జరిగింది?"

"జరగనిదెప్పుడో అడగండి ఇన్‌స్పెక్టరమ్మా. 'మార్త' బోటులో సగం ఆయనది, సగం నాది. ఏడాదిగా నేను విరగ్గొట్టేద్దాం అంటున్నా. ఆయన వద్దంటాడు, ఊ అంటాడు, మళ్ళీ వద్దంటాడు."

"మరి విరగ్గొట్టే కాగితం మీద సంతకం పెట్టాడుగా?"

"పెట్టాడు. పెట్టి వారం రోజులు అన్నం మానేశాడు. శుక్రవారం బోటు మీద నాకూ మీ తమ్ముడికీ కలిపే చెప్పాడు, సోమవారం వెళ్ళి సంతకం వెనక్కి తీసుకుంటానని. 'మా నాయన చెక్కిన పడవని నా చేత్తో నరికించలేను, మీరేమన్నా అనుకోండి' అన్నాడు."

సోమవారం దాకా ఆన్సిస్ కెర్పే బతకలేదు. శనివారం సాయంత్రం భార్య సమాధి దగ్గరికని ఇంట్లోంచి బయల్దేరినవాడు ఆదివారం పొద్దున అలలకి అడ్డుగా కట్టిన రాతిగట్టు పక్కన నీళ్ళలో తేలాడు. తల వెనక దెబ్బ ఉంది. ఊపిరితిత్తుల్లో నీళ్ళున్నాయి. దెబ్బ బండరాళ్ళ వల్ల తగిలిందో, మనిషి వల్ల తగిలిందో చెప్పలేనని డాక్టరు చేతులెత్తేశాడు.

మా దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరి ఏడాదిన్నర అవుతోంది. సముద్రంలో చేపలు తక్కువ, పడవలు ఎక్కువ అని బ్రస్సెల్స్‌లో తేల్చారు. పడవని ముక్కలు చేయించి, ఆ ముక్కల్ని కమిటీకి చూపిస్తే పరిహారం ఇస్తారు. యజమానికే కాదు, దాని మీద పనిచేసేవాళ్ళకీ వాటా ఉంది. అమ్ముకుంటే కుదరదు, ఒడ్డుకి లాగి జ్ఞాపకంగా పెట్టుకుంటే కుదరదు, ముక్కలే కావాలి. రేవులో ఒకప్పుడు బారులు తీరి నిలిచిన ఓక్ కలప పడవల్లో ఆఖరిది 'మార్త'. ఆన్సిస్ తండ్రి తన తల్లి పేరు పెట్టి, తన చేతులతో కట్టినది. దాన్ని నలగ్గొట్టే యంత్రం రేపు పొద్దున వస్తుంది.

ఆన్సిస్ తనంతట తాను చచ్చిపోయాడంటే ఆ సంతకం చెల్లుతుంది, రేపు బోటు ముక్కలవుతుంది. ఎవరో చంపారంటే కేసు తేలేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కాబట్టి 'మార్త'కి ఈ సాయంత్రం దాకానే గడువు. ఆన్సిస్‌కి జరగాల్సిన న్యాయానికీ అంతే.

"శనివారం సాయంత్రం ఎక్కడున్నారు?"

"ఇంట్లో. ఒక్కణ్ణే. నమ్మితే నమ్మండి."

"శ్మశానం వైపు వెళ్ళలేదూ?"

ఎగోన్స్ చేతుల్లో టోపీ ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సంబరపడ్డాను. కానీ అతను నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకే కష్టమనిపించింది.

"నాకక్కడ ఎవరున్నారమ్మా? మా అమ్మా నాన్నా సైబీరియాలో ఏ మంచు కింద ఉన్నారో నాకే తెలీదు. నలభై తొమ్మిదిలో సోవియట్ సైనికులు ముగ్గుర్నీ ఒకే రైలెక్కించారు, తిరిగొచ్చింది నేనొక్కణ్ణి. శనివారమైతే ఊరంతా గొర్రు భుజాన వేసుకుని సమాధుల మీది ఇసుక దువ్వడానికి పోతారు. నేను వంతెన మీద కూర్చుని గాలం వేస్తాను. దువ్వడానికి నాకో జానెడు ఇసుక లేదు. ఇంట్లో గొర్రూ లేదు, కావాలంటే వెతికించుకోండి."

వెతికించాను. నిజంగానే లేదు.

*

మధ్యాహ్నం స్టేషన్ మెట్ల మీద నా తమ్ముడు ఆర్వీద్స్ కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో కాగితం పొట్లం పెట్టుకుని. ఇరవై ఏళ్ళుగా 'మార్త' మీద వల లాగినవాడు. అందుకే వాడి వాంగ్మూలం నేను తీసుకోలేదు, రాజధాని రిగా నుంచి వచ్చిన పోలీసు మేజర్ తీసుకున్నాడు. అందులో ఏముందో నేను చదవలేదు కూడా. శనివారం సాయంత్రం ఇంట్లోనే, చేపలకి పొగబెట్టే కొట్టం దగ్గరున్నానని చెప్పాడని విన్నాను.

"తిన్నావా అక్కా?"

"నా తిండి సంగతి నీకెందుకు గానీ, ఏం తెచ్చావు?"

"చేప. పొద్దున పొగబెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది, చూడు."

"పొగబెట్టకూడదన్నారుగా నిన్ను?"

"అమ్మకూడదన్నారు. అక్కకి పెట్టకూడదని ఏ కాగితంలోనూ రాయలేదు."

మా తాత కట్టిన కొట్టం అది. గోడలకి తెల్ల టైల్స్ లేవని, బల్ల స్టీలుది కాదని, కొత్త నియమాల ప్రకారం మూసేయమన్నారు. ఆ రోజు నుంచీ వీడికి టైల్స్ పిచ్చి పట్టుకుంది. దుకాణాల్లోకి వెళ్ళి టైల్స్ తడిమి వస్తాడు. చేపని వేళ్ళతో విప్పి, మంచి ముక్క నాకిచ్చి, ముల్లు తను తీసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే.

"రేపు బోటు కొడతారా అక్కా?"

"ఏం? టైల్స్ గుర్తొచ్చాయా? ఆన్సిస్‌ని ఇంకా మట్టిలో పెట్టనైనా లేదురా."

వాడు తల దించుకున్నాడు. "నాకు ఇరవై ఏళ్ళు తిండి పెట్టినవాడక్కా. నాకు మాత్రం బాధ ఉండదా?" అని మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. అనవసరంగా అన్నానే అని నొచ్చుకున్నాను.

"శ్మశానానికి వెళ్తున్నా. రా, అమ్మని చూసినట్టూ ఉంటుంది."

"నేను రానులే. వేసవిలో సమాధుల పండగయ్యాక అటు వెళ్ళనే లేదు. నువ్వు తిడతావని చెప్పలేదు."

తిట్టాను. కన్నతల్లి సమాధి మీద పైన్ ఆకులు రాలి పేరుకుపోతుంటే, టైల్స్ తడుముతూ తిరుగుతాడా అని నడివీధిలో తిట్టాను. వాడు నవ్వుతూ వెళ్ళిపోయాడు.

*

మేజర్ గుంతార్స్ డ్రైమానిస్ నాకంటే ముందే వచ్చి ఆన్సిస్ భార్య ఇల్గా కెర్పే సమాధి పక్కన కంకర బాట మీద పచార్లు చేస్తున్నాడు. పొడుగాటి కోటు, మెరిసే బూట్లు. రేపు బోటు విరగ్గొట్టడం చూడ్డానికి బ్రస్సెల్స్ నుంచి ఇద్దరు అతిథులు వస్తున్నారు. వాళ్ళ ముందు హత్య కేసు ఉండకూడదని ఇతన్ని పంపారు. ఈ మాట ఎవరూ పైకి అనరు, అంతే.

"రండి మేడం. మీ నేరస్థలం మీ కోసమే ఎదురుచూస్తోంది" అన్నాడు.

శనివారం నుంచి చుక్క వాన పడలేదు, మా ఊళ్ళో అది వింతే. పైన్ చెట్లు గాలికి అడ్డం. సమాధి శనివారం ఎలా ఉందో అలాగే ఉంది. చుట్టూ మేము కట్టిన తాడు కూడా చెక్కుచెదరలేదు. రాయి మొదలు నుంచి అంచు దాకా తెల్ల ఇసుక దువ్వి ఉంది. ఫర్ చెట్టు కొమ్మకున్న ఆకుల్లా రెండు వైపులా ఏటవాలు గీతలు, చివర అంచు దగ్గర అడ్డంగా ఒక్క గీత. ఒక్క అడుగుజాడ లేదు. గొర్రు రాయి వెనక దాని చోట అది ఉంది. చూడగానే మనసుకి హాయిగా అనిపించింది. ఇసుక ఇలాగే ఉండాలి అనుకున్నాను.

మా ఊరివాళ్ళు సమాధి దగ్గర పని ముగించుకుని వెనక్కి నడుస్తూ, తమ అడుగుల్ని తామే దువ్వుకుంటూ బయటికొస్తారు. జాడ వదిలి వచ్చేస్తే చచ్చినవాళ్ళ ముందు తలుపు తెరిచి పోయినట్టే.

"చూశారా?" అన్నాడు మేజర్. "ఎంత శుభ్రంగా దువ్వాడో! చేయి వణకలేదు. ఆఖరి గీత కూడా వంకర పోలేదు. పెళ్ళాం దగ్గర సెలవు తీసుకున్నాడు, గొర్రు దాని చోట పెట్టాడు, ఇసుక దిబ్బ దిగి సముద్రంలోకి నడిచాడు. పడవ పోతుందన్న బెంగ. అంతే కదా?"

నేను తాడు దాటకుండా, బాట మీదే మోకాళ్ళ మీద కూర్చుని సమాధి పక్కనున్న బెంచీ కిందకి తొంగి చూశాను. ఆదివారం మా పోలీసులు ఫోటో తీసి వదిలేసిన పొట్లం అక్కడే ఉంది. పొడుగాటి కర్రతో ఇవతలికి లాగాను. పత్రిక కాగితంలో ఆరు ఆస్టర్ పూలు, చచ్చినవాళ్ళకి తెచ్చే సరి సంఖ్యలో. దారం ముడి కూడా విప్పలేదు. బెంచీ వెనక నీళ్ళ డబ్బా అంచు దాకా నిండుగా ఉంది.

"మేజర్ గారూ, మీ అమ్మగారి సమాధి ఎక్కడ?"

"రిగాలో. ఎందుకు?"

"ఎవరు దువ్వుతారు?"

"మనిషిని పెట్టాం."

"అందుకే మీకు కనపడలేదు. ముందు ఆకులు ఏరతారు. తర్వాత పూలు పెడతారు. నీళ్ళు పోస్తారు. ఇసుక దువ్వడం ఆఖరి పని. దువ్వాక ఇక లోపల అడుగు పెట్టరు. పూలు పొట్లంలోనే ఉన్నాయి, నీళ్ళు డబ్బాలోనే ఉన్నాయి, ఇసుక మాత్రం దువ్వి ఉంది. ఇది ఆన్సిస్ చేసిన పని కాదు."

"చావబోయేవాడికి వరుసా క్రమమూ ఉంటుందా?"

"పెళ్ళాం కోసం కోసుకొచ్చిన పూలు బెంచీ కింద పారేసి, ఇసుక మాత్రం ముద్దుగా దువ్వుకుని చస్తాడా?"

"మరి హంతకుడు దువ్వుతాడా?" మేజర్ గట్టిగా నవ్వాడు. "చంపి, శవాన్ని ఈడ్చుకుపోయి, మళ్ళీ వెనక్కొచ్చి ఇసుక దువ్వుతాడా? పారిపోకుండా?"

"ఈడ్చిన జాడ చెరపాలిగా. దానికి కాలితో చెరిపినా చాలు. కానీ మా ఊరివాడు సమాధి మీద కాలు పెట్టి చెరపడు. దువ్వుతాడు. అది బుర్ర చేసే పని కాదు, చెయ్యి చేసేస్తుంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు."

అన్నాకగానీ ఆ మాట నాకే ఎదురు తిరిగిందని తెలియలేదు. మేజర్ మాత్రం వెంటనే పట్టుకున్నాడు. తెలివైనవాడే, కాదనను.

"శభాష్. అయితే మీ ఎగోన్స్ నిర్దోషి. వాడికి జన్మలో దువ్వే అలవాటు లేదుగా? ఉన్న ఒక్క అనుమానితుణ్ణీ మీరే వదిలేశారు మేడం. ఇక ఎవర్ని పట్టుకుంటారు, ఊరందర్నీనా?" కోటు గుండీలు పెట్టుకున్నాడు. "ఐదింటికి నా నివేదిక ప్రాసిక్యూటర్ బల్ల మీద ఉంటుంది. అన్నట్టు, బోటు ఆగితే మీ తమ్ముడి వాటా కూడా పోతుంది. తెలుసా?"

"తెలుసు."

"తెలిసీనా?"

"మా ఇంట్లో వాటాలు వేరే, కేసులు వేరే."

ఆ మాట ఎంత గొప్పగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మేజర్ భుజాలెగరేసి, అడ్డదారిన పక్క సమాధి ఇసుక మీంచి నడిచి వెళ్ళిపోయాడు. మెరిసే బూట్లు రెండు లోతైన జాడలు వదిలాయి.

*

ఎవరో ముసలమ్మ సమాధి అది. అలా వదిలి రావడానికి నా ప్రాణం ఒప్పలేదు. ఆ రాయి వెనకున్న గొర్రు తీసుకుని మేజర్ జాడల్ని దువ్వుతూ వెనక్కి వచ్చాను. మనసులో అతన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

"అమ్మది కూడా మీరే దువ్వారా పిన్నీ?"

వెనక్కి తిరిగాను. మైగా. ఆన్సిస్ కూతురు. మా వీధిలోనే పెరిగింది, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. బాట మీద నిలబడి రెండు సమాధుల్నీ మార్చి మార్చి చూస్తోంది.

"లేదమ్మా. మీ అమ్మది ఎవరూ ముట్టుకోలేదు, ఆదివారం నుంచీ తాడు కట్టే ఉంది."

"మరి రెండూ ఒకేలా ఉన్నాయే?"

నా కాళ్ళ ముందు ఇసుకని చూశాను. ఫర్ ఆకుల్లా ఏటవాలు గీతలు. చివర అంచున అడ్డంగా ఒక్క గీత. ఎప్పుడు గీశానో నాకే తెలియదు.

"నాన్న ఇలా దువ్వడు" అంది మైగా. "నాన్నవి అలలు. ఇటు నుంచి అటు వంపులు తిప్పుతాడు. సముద్రం వైపు అంచు వదిలేస్తాడు, ఎప్పుడూ. 'మీ అమ్మ పడవ చూడ్డానికి వస్తే దారుండాలి కదే' అనేవాడు. ఈ అడ్డగీత... ఇది ఎవరు గీస్తారు పిన్నీ?"

మా అమ్మ గొంతు చెవి పక్కనే వినపడింది. ఆ ఆఖరి గీత నువ్వు గియ్యవే జెంతా, తలుపు వేసి రావాలి. కాదు నేను గీస్తానని పక్కన గొర్రు పట్టుకుని లాగుతూ ఏడ్చే అయిదేళ్ళ పిల్లాడు. ఈ శ్మశానంలో ఇంకే కుటుంబమూ ఆ గీత గీయదు. అది మా అమ్మది. అమ్మ పోయాక నాదీ తమ్ముడిదీ.

మేజర్‌కి కనపడనిది నాకు కనపడిందని విర్రవీగాను. నా ఎదురుగా ఉన్నది మాత్రం నాకు కనపడలేదు. అది మరీ మా ఇంటిది కాబట్టి కనపడలేదు.

"పిన్నీ? ఏమైంది?"

ఒక్క మాట చాలు. మేజర్ చెప్పిందే నిజమని నేనూ సంతకం పెడితే రేపు బోటు విరుగుతుంది, వాడి గోడలకి తెల్ల టైల్స్ వస్తాయి, ప్రతి శనివారం నాకు వెచ్చటి చేప వస్తుంది. మైగా నా మొహంలోకి చూస్తోంది. అచ్చు తండ్రి కళ్ళు.

"ఈ పూల పొట్లం పట్టుకో. విప్పకు. తిన్నగా ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్ళు, మేజర్ కంటే ముందు. పూల సంగతి చెప్పు, నీళ్ళ సంగతి చెప్పు, మీ నాన్న అలల సంగతి చెప్పు. ఇది హత్యేనని నేనన్నానని చెప్పు. 'మార్త'ని ముట్టుకోవద్దని చెప్పు."

"ఎవరు చేశారో..."

"వెళ్ళమ్మా."

ఆమె పరుగెత్తింది. నేను ఫోన్ తీసి ఆర్వీద్స్‌ని పిలిచాను. అమ్మ దగ్గరున్నాను, రా అన్నాను. వస్తున్నానక్కా అన్నాడు.

*

వాడు సైకిల్ మీద వచ్చేసరికి వెలుతురు పలచబడింది. మా అమ్మ సమాధి దిబ్బ అంచున, అందరికంటే చివర. నేను లోపల, రాయి పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాను. గొర్రు వాడికి అందించాను.

"ఇదేంటక్కా?"

"పండగ తర్వాత రాలేదన్నావుగా. దువ్వు."

నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. గొర్రు తీసుకుని రాయి మొదలు నుంచి మొదలుపెట్టాడు. ఎడమకి ఏటవాలు, కుడికి ఏటవాలు, ఒక అడుగు వెనక్కి. వాడి చేతులు చూస్తూ కూర్చున్నాను. నేనే నేర్పాను ఆ పట్టు. దువ్వుతూ దువ్వుతూ అంచు దాకా వెళ్ళాడు, బాట మీదకి దిగాడు. గొర్రు గాల్లోకి లేచి, అక్కడే ఆగింది.

"అయిపోయింది" అన్నాడు.

"అయిపోయిందా?"

"ఆఁ."

"తలుపు వెయ్యలేదే?"

ఆ గీత కోసం నాతో పోట్లాడి ఏడ్చినవాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి మరిచిపోనివాడు. శనివారం మరిచిపోలేదు. ఇవాళ గుర్తొచ్చి ఆగాడు.

"బతిమాలుకుందామని వెళ్ళానక్కా" అన్నాడు. "ఒక్క సంతకం, ఉంచెయ్యి అన్నాను. పూలు బెంచీ కింద పెట్టి, రేపు మాట్లాడదాం పో అన్నాడు. తోశాను. అంతే. వెళ్ళి రాయికి తగిలాడు."

"ఊపిరితిత్తుల్లో నీళ్ళున్నాయి ఆర్వీద్స్. నువ్వు సముద్రంలో వేసేటప్పటికి ఆన్సిస్‌కి ఊపిరుంది."

"తెలుసు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా తమ్ముడు నాకు తెలియని మనిషైపోయాడు. కింద సముద్రం ఒకటే హోరు.

"రేపు బోటు కొడతారా?"

"కొట్టరు. మైగా ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్ళింది."

"నా పేరు చెప్పావా?"

"ఇంకా లేదు."

తల ఊపాడు. వంగి, ఎంతో శ్రద్ధగా, ఇసుక అంచున ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా గీత గీశాడు. నేను లోపల, వాడు బయట. తర్వాత నిటారుగా నిలబడి బాట అటు చూశాడు, ఇటు చూశాడు. గొర్రుని రాయి వెనక పెట్టలేదు. చేతిలోనే ఉంచుకున్నాడు.

"అక్కా, ఒక్కదానివే వచ్చావా?"

తుపాకీ స్టేషన్ సొరుగులో ఉంది. తమ్ముణ్ణి చూడ్డానికి తుపాకీ ఎందుకనుకున్నాను.

"ఒక్కదాన్నే" అన్నాను. వాడితో ఎప్పుడూ అబద్ధమాడి ఎరగను. అప్పుడైనా ఆడాలని తోచలేదు.